చెయ్యి వాలిపోతే ఏ టెండన్‌ని అరువు తెచ్చుకోవాలి?

ఇవాళ్టి ఎపిసోడ్‌లో మీ చేతికి కూడా కొంచెం పని ఉంది. ఫోన్ ఎక్కడైనా ఆనించి పెట్టుకోండి. మోచెయ్యి టేబుల్ మీద ఆనించి, ముంజెయ్యి నిలువుగా పెట్టి, మణికట్టుని అరచేతి వైపుకి పూర్తిగా వాల్చేయండి. అలాగే ఉంచి పిడికిలి గట్టిగా బిగించండి. బిగియట్లేదు కదా? ఇప్పుడు మణికట్టుని కొంచెం వెనక్కి లేపి మళ్ళీ బిగించండి. తేడా తెలిసిందా? వేళ్ళు ముడిచే కండరాలు రెండుసార్లూ అవే. పట్టు మాత్రం మణికట్టు ఎక్కడుందో దాన్ని బట్టి మారిపోయింది.

ఇవాళ మనం మాట్లాడుకునే సబ్జెక్ట్ మొత్తానికీ పునాది ఇదే. చేతికి వెళ్ళే నరం దెబ్బతిని కొన్ని కండరాలు చచ్చుబడిపోతే, పనిచేస్తున్న ఇంకో కండరం టెండన్‌ని తీసుకొచ్చి అక్కడ కలుపుతారు. టెండన్ ట్రాన్స్‌ఫర్ అంటారు. ఒకే లోపానికి మూడు నాలుగు రకాల ఆపరేషన్లు ఉంటాయి. "ఏది బెస్ట్?" అని అందరూ అడుగుతారు. నన్నడిగితే ముందు అడగాల్సింది అది కాదు. "ఇందులో నా దగ్గర్నుంచి ఏం తీసుకుంటున్నారు?" అని అడగాలి. ఎందుకో చెప్తాను. నేను డాక్టర్ని కాదండీ, బీటెక్ చదివి కోడ్ రాసుకుంటూ ఇటు వచ్చినవాణ్ణి. ఇది డాక్టర్ గారి ముందు కూర్చునే ముందు తెలిసుండాల్సిన సమాచారం, అంతే.

ముందు ఒక మాట గొడవ తేల్చేద్దాం. మన తెలుగులో "నరం" అనే ఒక్క మాటతో మూడు పనులు చేసేస్తాం. "నరాలు తేలిన చెయ్యి" అన్నప్పుడు అవి రక్తనాళాలు. "నరం పట్టేసింది" అంటే చాలాసార్లు కండరం. "గ్లాసు గుచ్చుకుని నరం తెగింది" అంటే అది టెండన్ కావచ్చు, అసలు నరమే కావచ్చు. నరం అంటే కరెంటు వైరు, మెదడు నుంచి సిగ్నల్ తెస్తుంది. టెండన్ అంటే తాడు, కండరం లాగితే ఆ లాగుడుని ఎముక దాకా తీసుకెళ్తుంది. తాడు తెగితే కుట్టొచ్చు, కొన్ని వారాల్లో అతుక్కుంటుంది. వైరు తెగితే కుట్టినా, అది కుట్టిన చోటు నుంచి మళ్ళీ పెరుక్కుంటూ రావాలి. ఆ పెరుగుదల సుమారుగా రోజుకి ఒక మిల్లీమీటరు. ఇరవై సెంటీమీటర్ల దూరమైతే 200 రోజులు. చంక దగ్గర తెగి అరచేతి దాకా రావాలంటే ఏడాదిన్నర లెక్క వస్తుంది. ఇక్కడే చిక్కు. కండరం సిగ్నల్ లేకుండా ఎంతకాలమైనా ఎదురుచూడదు. ఏడాది, ఏడాదిన్నర దాటితే నరం వచ్చి చేరినా అందుకునే స్థితిలో ఉండదు.

కానీ టెండన్ ట్రాన్స్‌ఫర్‌కి ఈ గడువు లేదు. అక్కడ వాడేది చచ్చుబడిన కండరాన్ని కాదు, బతికున్న ఇంకో కండరాన్ని. అందుకే రెండేళ్ళు, అయిదేళ్ళు, ఇంకా ఎక్కువ గడిచినా చేయొచ్చు. "టైమ్ అయిపోయింది, ఇంకేం చేయలేం" అని ఎవరైనా అంటే, నరం విషయంలో అది నిజం కావచ్చు, చెయ్యి విషయంలో కాకపోవచ్చు. షరతు ఒక్కటే, కీళ్ళు మెత్తగా ఉండాలి. బిగుసుకుపోయిన కీలుని ఏ టెండనూ కదపలేదు. కాబట్టి ఎదురుచూసే నెలల్లో స్ప్లింట్ పెట్టుకోవడం, రోజూ రెండో చేత్తో ప్రతి వేలినీ పూర్తిగా చాపి ముడవడం అస్సలు ఆపకూడదు.

అసలు టెండన్‌ని అరువెలా ఇస్తాం, ఇచ్చిన చోట లోటు రాదా? మన చేతిలో రిడండెన్సీ చాలా ఉందండీ. సర్వర్లకి బ్యాకప్ పెట్టినట్టు. మణికట్టుని వెనక్కి లేపడానికి మూడు కండరాలు, ముందుకి వంచడానికి మూడు. ప్రతి వేలినీ ముడవడానికి రెండేసి టెండన్లు, ఒకటి వేలి చివరి దాకా వెళ్ళేది, ఇంకోటి మధ్య కణుపు దగ్గర ఆగేది. చూపుడువేలికి చాచే టెండన్లు రెండు. ఒకటి తీసినా రెండోది పని నడిపిస్తుంది. అయితే బ్యాకప్ తీసేశాక బ్యాకప్ ఉండదు కదా, అది గుర్తుపెట్టుకోండి.

ఇంకో రెండు లెక్కలు. చోటు మార్చిన కండరం బలంలో ఒక గ్రేడు కోల్పోతుంది. డాక్టర్లు కండరబలాన్ని సున్నా నుంచి అయిదు దాకా కొలుస్తారు, అయిదున్నది నాలుగవుతుంది. మూడున్నదాన్ని మారిస్తే దాదాపు వృథా. రెండోది, తాడు ఎంత దూరం జరుగుతుంది అనేది. మణికట్టు టెండన్లు సుమారు 33 మిల్లీమీటర్లు జరుగుతాయి, వేళ్ళు చాచేవి 50, వేళ్ళు ముడిచేవి 70. సర్జన్లు 3-5-7 అని గుర్తుపెట్టుకుంటారు. 33 జరిగేదాన్ని తీసుకెళ్ళి 50 కావాల్సిన చోట కడితే? మిగతాది ఎక్కడ్నుంచి వస్తుంది? మొదట చేసిన పని తిరగేసి చూడండి. చెయ్యి వదులుగా పెట్టి మణికట్టుని ముందుకి వాల్చండి. వేళ్ళు వాటంతట అవే తెరుచుకుంటున్నాయా? మణికట్టు కదలికే సుమారు రెండున్నర సెంటీమీటర్లు కలిపిస్తుంది. లోటు అక్కడ పూడుతుంది.

ఇప్పుడు నరాల దగ్గరికొద్దాం. చేతిని నడిపే నరాలు మూడు, రేడియల్, అల్నార్, మీడియన్.

రేడియల్ పోతే మణికట్టు వాలిపోతుంది, వేళ్ళు, బొటనవేలు చాపలేం. జబ్బ ఎముక మధ్యలో విరిగినప్పుడు ఈ నరం దెబ్బతినడం ఎక్కువ, ఎందుకంటే అది ఆ ఎముకని చుట్టుకునే వెళ్తుంది. మంచి విషయం ఏంటంటే చర్మం చీలకుండా ఎముక విరిగిన కేసుల్లో ఎక్కువమందికి కొన్ని నెలల్లో దానంతట అదే తిరిగొస్తుంది. తాగి కుర్చీ వీపు మీద చెయ్యి వేలాడేసి పడుకుంటే వచ్చే వాలు కూడా అంతే, మామూలుగా తగ్గిపోతుంది.

తిరిగి రాకపోతే? మణికట్టు సంగతిలో పెద్దగా వాదన లేదు. అరచేతిని కిందికి తిప్పే కండరం ఒకటుంది, దాన్ని మణికట్టు లేపే టెండన్‌కి కలుపుతారు, దాదాపు అందరూ ఇదే చేస్తారు. వాదన అంతా వేళ్ళు చాపడానికి దేన్ని వాడాలనే దాని మీదే. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో, గాయపడ్డ సైనికుల చేతులు బాగుచేస్తూ రాబర్ట్ జోన్స్ అనే బ్రిటిష్ సర్జన్ వాడింది ఎఫ్‌సీయూ. అంటే మణికట్టుని చిటికెనవేలి వైపుకి వంచే కండరం. బలమైనది, తియ్యడం తేలిక. ఇప్పటికీ చాలా చోట్ల ఇదే వాడుతున్నారు, ఫలితాలు బాగానే వస్తున్నాయి. రెండో దారి ఎఫ్‌సీఆర్, బొటనవేలి వైపు వంచేది. మూడోది బోయస్ పద్ధతి, వేళ్ళు ముడిచే టెండన్లు రెంటిని ముంజేతి ఎముకల మధ్య నుంచి వెనక్కి తెచ్చి చాపే పనికి పెట్టడం.

సుత్తితో మేకు కొట్టండి, ఊరికే గాల్లో. మణికట్టు వెనక్కి-పైకి నుంచి ముందుకి-కిందికి, చిటికెనవేలి వైపుకి ఏటవాలుగా పడుతుంది చూశారా? గొడ్డలి వేటు, రోలు దగ్గర రోకలి, క్రికెట్‌లో త్రో, అన్నీ ఇదే వాలు. ఈ దెబ్బలో బలం ఇచ్చేది ఎఫ్‌సీయూ. మా మేనమామ వడ్రంగి. స్కూటర్ మీద నుంచి పడి జబ్బ ఎముక విరిగింది, ప్లేటు వేశారు, మణికట్టు వాలిపోయింది. మొదట వేసిన ఆస్పత్రిలో "నరం వస్తుందిలే, చూద్దాం" అన్నారు తప్ప స్ప్లింట్ మాట గానీ ఎక్సర్‌సైజుల మాట గానీ ఒక్కరూ ఎత్తలేదు. ఏడాది దాటాక ఇంకో ఊర్లో చేతి సర్జన్‌కి చూపిస్తే, ఆవిడ ముందు చేతిని పట్టుకోలేదు. "ఏం పని చేస్తారు?" అని అడిగారు. "సుత్తి, ఉలి, రంపం అమ్మా" అన్నాడు. "అయితే ఎఫ్‌సీయూ ముట్టుకోను, ఎఫ్‌సీఆర్ తీస్తాను. కానీ ముందు ఈ మణికట్టు మెత్తబడాలి" అని రెండు నెలలు ఫిజియోథెరపీకి పంపారు.

ఇప్పుడు మామయ్య సుత్తి కొడతాడు. మునుపటంత సేపు కాదు, మధ్యలో ఆపుతాడు. వేళ్ళు పూర్తిగా తెరవాలంటే మణికట్టుని కొంచెం కిందికి దించుతాడు. వెడల్పు చెక్కని పైనుంచి పట్టుకునేటప్పుడు చూస్తే తెలుస్తుంది, ముందు మణికట్టు దిగుతుంది, తర్వాత వేళ్ళు విచ్చుకుంటాయి. 33, 50 లెక్క కళ్ళ ముందు కనపడుతుందన్నమాట. ఒక్కో వేలిని విడిగా లేపలేడు, నాలుగూ కలిసే లేస్తాయి. మామయ్యకి అది ఇబ్బంది కాదు. వీణ వాయించే మనిషికో, నాలాగా కీబోర్డు మీద బతికేవాడికో ఇబ్బందే. అలాంటివాళ్ళకి బోయస్ పద్ధతి ఆలోచిస్తారు, 70 మిల్లీమీటర్లు జరిగే టెండన్లు కాబట్టి మణికట్టు దించకుండానే వేళ్ళు తెరుచుకుంటాయి, బొటనవేలు, చూపుడువేలు విడిగా కదలే అవకాశం ఎక్కువ. అయితే అక్కడ మెదడుకి పని ఎక్కువ. మామూలుగా మణికట్టు వంచితే వేళ్ళు తెరుచుకోవడం సహజమైన జోడీ, ఎఫ్‌సీఆర్, ఎఫ్‌సీయూ ఏది పెట్టినా మెదడు తొందరగా అందుకుంటుంది. బోయస్‌లో "ముడువు" అనే సిగ్నల్‌తో వేళ్ళు తెరవాలి. నేర్చుకుంటారు, టైమ్ పడుతుంది. పట్టు కూడా కొంత తగ్గుతుంది, ఎందుకంటే ముడిచే టెండన్లే ఇచ్చేశాం.

రెండోది అల్నార్ నరం. మోచేతికి ఎక్కడో తగిలితే కరెంటు షాక్‌లా జివ్వుమంటుంది చూడండి, అదే. ఇది పోతే అరచేతిలో ఉండే చిన్న కండరాలు పోతాయి. ఉంగరపు, చిటికెన వేళ్ళు కొక్కెంలా వంగిపోతాయి, దీన్నే క్లా హ్యాండ్ అంటారు. మీడియన్ కూడా కలిసి పోతే నాలుగు వేళ్ళూ వంగి, బొటనవేలు అరచేతి పక్కన చదునుగా పడిపోతుంది. పిడికిలి బిగిస్తే వేళ్ళు చివర్ల నుంచి చుట్టుకుంటాయి, గ్లాసుని పట్టుకోబోతే వేళ్ళే దాన్ని బయటికి తోసేస్తాయి. అన్నం ముద్ద కలపలేరు. మన దగ్గర చేత్తో తినలేకపోవడం అంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు.

ప్రమాదాల్లో తెగడం ఒక కారణం. ఇంకో పెద్ద కారణం కుష్ఠు వ్యాధి. ఆ బ్యాక్టీరియా నరాల్లో చేరుతుంది, చేతిలో ఎక్కువగా అల్నార్‌ని, తర్వాత మణికట్టు దగ్గర మీడియన్‌ని దెబ్బతీస్తుంది. రేడియల్ జోలికి పోవడం తక్కువ. ఈ చివరి మాట మీదే ఒక ఆపరేషన్ చరిత్ర నిలబడింది. అదీ మన పక్కనే, మన చిత్తూరు వాళ్ళు ఒంట్లో బాలేకపోతే బస్సెక్కే వెల్లూరులో.

పాల్ బ్రాండ్ 1914లో తమిళనాడు కొల్లి కొండల్లో పుట్టారు, తల్లిదండ్రులు మిషనరీలు. ఇంగ్లండ్‌లో సర్జరీ చదివి 1946లో వెల్లూరు సీఎంసీకి వచ్చారు. అప్పటికి కుష్ఠు వచ్చినవాళ్ళ చేతులకి ఆపరేషన్ అంటే, గాయం మానదు, ఆ మాంసమే చెడిపోయింది అని అందరి నమ్మకం. గాయాలు మామూలుగానే మానతాయని, వేళ్ళు పోయేది స్పర్శ లేక కాలి, కోసుకుని, ఒరుసుకుని అని ఆయన చూపించారు. తర్వాత చేతులు సరిచేయడం మొదలుపెట్టారు.

మొదట వాడింది అమెరికా సర్జన్ స్టెర్లింగ్ బన్నెల్ పేరుతో ఉన్న పద్ధతి. వేలు ముడిచే రెండు టెండన్లలో ఒకదాన్ని తీసి, పాయలుగా చీల్చి, వేళ్ళ పక్కలకి కుట్టడం. కొక్కెం పోయింది. కానీ మనవాళ్ళ వేళ్ళు చాలామందికి మెత్తగా, వెనక్కి వంగేలా ఉంటాయి. అలాంటి చేతుల్లో కొన్నాళ్ళకి మధ్య కణుపు వెనక్కి విరిగినట్టు వంగి, చివరి కణుపు కిందికి దిగిపోయింది, హంస మెడలాగా. అంటే దిద్దుబాటు ఎక్కువైపోయింది. పైగా ముందే బలహీనమైన చేతి పట్టులోంచి ఇంకొంచెం తీసేసినట్టయింది.

అందుకని బ్రాండ్ మోటారుని మార్చారు. రేడియల్ నరం బాగుంది కాబట్టి మణికట్టు లేపే కండరాలు మూడూ బలంగా ఉన్నాయి, ఒకటి తీసుకోవచ్చు. అది వేళ్ళ దాకా చాలదు, కాబట్టి పిక్క దగ్గర ప్లాంటారిస్ అనే సన్నటి పొడుగాటి టెండన్ తీసి, నాలుగు తోకలుగా చేసి అతికించారు. కొంతమందికి ఆ టెండన్ పుట్టుకతోనే ఉండదు, అప్పుడు తొడ దగ్గరి పొర వాడతారు. దీంతో చేతి పట్టుకి కొత్త బలం వస్తుంది, వేళ్ళ నుంచి ఏమీ తీయం. ఖర్చు ఏంటంటే, ఆపరేషన్ పెద్దది, కాలికి కూడా కోత, నాలుగు తోకల బిగువూ సరిగ్గా కుదరాలి, తర్వాత మంచి థెరపీ ఉండాలి.

ఇంకో వైపు జాంకొల్లి లాసో. అర్జెంటీనా సర్జన్ ఎడ్వార్డో జాంకొల్లిది. వేలు ముడిచే టెండన్‌ని అరచేతిలోనే కోసి, వేలి మొదట్లో ఉండే కప్పీ చుట్టూ ఉచ్చులా తిప్పి దానికే కుట్టేస్తారు. మన బావి గిలక చుట్టూ తాడు వేసినట్టు. చిన్న ఆపరేషన్, వేలి పక్కల జోలికి పోదు కాబట్టి హంస మెడ భయం తక్కువ. కానీ ఇది అందరికీ పనికిరాదు. వేళ్ళ మొదటి కణుపులు వెనక్కి పోకుండా డాక్టర్ చేత్తో పట్టుకుని "వేళ్ళు చాపండి" అంటారు. మిగతా కణుపులు తిన్నగా వచ్చాయా, లాసో సరిపోతుంది. రాలేదా, వేలి పక్కల దాకా వెళ్ళే పద్ధతే కావాలి. బూవియర్ పరీక్ష అంటారు. అరనిమిషం పని, ఆపరేషన్‌నే మార్చేస్తుంది. లాసో పట్టు బలాన్ని పెంచదు, ఇది కూడా ముందే తెలుసుకోవాలి.

మెత్తటి చేతులున్నవాళ్ళకి పామారిస్ లాంగస్ అనే సన్నటి టెండన్ కూడా వాడతారు. మీకుందో లేదో చూసుకోండి. బొటనవేలు, చిటికెనవేలు కలిపి మణికట్టు కొంచెం వంచండి, మధ్యలో తాడులా లేస్తుంది. లేవకపోతే కంగారుపడకండి, చాలామందికి ఉండదు, ఏ పనికీ లోటు రాదు. అందుకే సర్జన్లకి అదంటే అంత ఇష్టం.

మీడియన్ త్వరగా చెప్పేస్తాను. ఇది మణికట్టు దగ్గర పోతే బొటనవేలు మిగతా వేళ్ళకి ఎదురుగా రాదు. గుండీ పెట్టుకోలేం, నాణెం ఏరలేం. ఉంగరపువేలి ముడిచే టెండన్ ఒకటి తెచ్చి బొటనవేలికి కలపడం బలమైన దారి. చూపుడువేలు చాచే రెండో టెండన్‌ని మణికట్టు చుట్టూ తిప్పి తేవడం కొంచెం బలహీనమైనా పట్టు తగ్గని దారి. నరం మోచేతి పైన తెగితే మొదటి దారి అసలు లేదు, ఎందుకంటే ఆ ముడిచే కండరానికీ సిగ్నల్ ఇచ్చేది మీడియనే. రెండు నరాలూ పోయిన చేతిలో, క్లాకి ఏది వాడుతున్నాం, బొటనవేలికి ఏది మిగులుతుంది అని ముందే బడ్జెట్ వేసుకోవాలి.

ఈమధ్య నర్వ్ ట్రాన్స్‌ఫర్ కూడా చేస్తున్నారు. బాగున్న నరం కొమ్మని తెచ్చి చచ్చుబడిన కండరానికి దగ్గర్లోనే కలపడం. కుదిరితే వేళ్ళు విడివిడిగా కదులుతాయి. కానీ దానికి మొదట చెప్పిన గడువు ఉంది, వీలైనంత వరకు మొదటి నెలల్లోనే నిర్ణయించుకోవాలి, ఫలితం కనపడటానికి ఏడాది పట్టొచ్చు. రోజు కూలి మీద ఇల్లు నడిచే మనిషికి ఆ ఏడాది చిన్న విషయం కాదు.

టెండన్ ట్రాన్స్‌ఫర్ తర్వాత మామూలుగా మూడు నాలుగు వారాలు కట్టు, ఆ తర్వాత థెరపీ. క్లా హ్యాండ్ ఆపరేషన్ల మీద మన ఒడిశాలో జరిగిన పరిశోధనలో, కట్టులో ఉంచకుండా వెంటనే జాగ్రత్తగా కదలికలు మొదలుపెట్టినా ఫలితం తగ్గలేదని, మనిషి కొన్ని వారాలు ముందే పనిలోకి వెళ్ళగలిగాడని తేలింది. ఇది మీ సర్జన్‌ని అడగొచ్చు, సొంతంగా కట్టు విప్పుకోవద్దు మాత్రం.

కుష్ఠు అంటే "ఇప్పుడెక్కడుందండీ" అంటారు. దేశంలో ప్రజారోగ్య సమస్యగా నిర్మూలించామని 2005లో ప్రకటించారు, కానీ ఏటా లక్ష దాకా కొత్త కేసులు ఇప్పటికీ వస్తున్నాయి. మందులు ఉచితం. జాతీయ కార్యక్రమం కింద ఈ చేతి ఆపరేషన్లూ ఉచితం, పని పోయిన రోజులకి కొంత డబ్బు కూడా ఇస్తారు, చాలా ఏళ్ళు అది 8,000 రూపాయలు ఉండేది. వెల్లూరు దగ్గర కరిగిరి, విజయనగరం వైపు సాలూరు, హైదరాబాద్ కూకట్‌పల్లిలో శివానంద, ఇవన్నీ ఈ వ్యాధి మీద దశాబ్దాలుగా పనిచేస్తున్న చోట్లు. వేళ్ళు వంగిపోయిన మనిషి మీ ఊర్లో ఉంటే పీహెచ్‌సీకి తీసుకెళ్ళి రిఫరల్ అడగండి.

ఒక విషయం మాత్రం ఏ ఆపరేషనూ తేదు, స్పర్శ. వేళ్ళు తిన్నగా వచ్చాక మనిషి ధైర్యంగా పొయ్యి మీది గిన్నె పట్టుకుంటాడు, కాలేది తెలియదు. కాబట్టి పట్టుగుడ్డ వాడాలి, రోజూ రాత్రి చేతులు చూసుకోవాలి, చిన్న బొబ్బనైనా వదలకూడదు.

సర్జన్ దగ్గరికి వెళ్ళినప్పుడు మీ పని ఏంటో వాళ్ళు అడక్కపోయినా చెప్పండి, చేసి చూపించండి. ఏ టెండన్ తీస్తున్నారు, దాని బలం ఇప్పుడు ఎంత, అది లేకపోతే నేను ఏ పని చేయలేను, థెరపీ ఎవరు చేయిస్తారు, ఎన్ని వారాలు. ఇవి కాగితం మీద రాసుకుని వెళ్ళండి. వచ్చే ఎపిసోడ్‌లో స్ప్లింట్ల గురించి, ఇంట్లో చేయించే ఎక్సర్‌సైజుల గురించి ఒక థెరపిస్ట్‌ని కూర్చోబెట్టి మాట్లాడిస్తాను. ఉంటానండీ.